కట్టె కొనడం ఎట్లా? దాచడం ఎట్లా?

అల్లాదుర్గ్ మెదక్ జిల్లాలో ఒక మండలం. హైదరాబాదు నుంచి నాందేడు పోయే పెద్దరోడ్డు మీద ఉంది. ఒక దిక్కు జోగిపేట, ఇంకో దిక్కు పెద్దశంకరంపేట. చుట్టూ వరి, పత్తి, మక్క, కంది చేలు. చేను గట్ల మీద తుమ్మ, వేప. బీళ్లలో సర్కారు తుమ్మ.

ఈ దిక్కు ఊళ్లలోకి గ్యాసు పొయ్యి వచ్చింది. 1999లో దీపం పథకం కింద డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు గ్యాసు ఇయ్యడం మొదలుపెట్టారు. 2016 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ఉజ్జ్వల పథకం పెట్టింది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం 500 రూపాయలకు సిలిండరు పథకం మొదలుపెట్టింది.

అయినా కట్టెల పొయ్యి ఆరలేదు. తానానికి నీళ్లు కాగపెట్టాలంటే కట్టె కావాలి. పెండ్లి వంటకు కట్టె కావాలి. సిలిండరు అయిపోయిన నాడు కట్టె కావాలి. చలికాలం పొద్దుగాల కాసేపు వెచ్చగా కూచోవాలన్నా కట్టెనే కావాలి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 100 ఇండ్లలో 49 ఇండ్లు కట్టెల మీదనే వండుతున్నామని చెప్పాయి.

కట్టె ఏరేది ఆడవాళ్లు. మోపు మోసేది ఆడవాళ్లు. పొయ్యి ఊదేది ఆడవాళ్లు. పొగ మింగేది కూడా ఆడవాళ్లే. మరి కట్టె సంగతి పూర్తిగా తెలుసుకోవలసింది ఎవరు?

కట్టెలో నీళ్లు

వానకాలంలో ఏ ఇంట్లో చూసినా ఒకటే మాట. "అక్కా, కట్టె మండుతలేదు. ఊది ఊది కండ్లు మండుతున్నయ్" అంటారు. తప్పు పొయ్యిది కాదు. ఊదే ఆమెది కాదు. తప్పు కట్టెలో ఉన్న నీళ్లది.

చెట్టు వేర్లతో నీళ్లు తాగుతుంది. ఆ నీళ్లు మొద్దులో, కొమ్మలో నిండి ఉంటాయి. అప్పుడే కొట్టిన పచ్చికట్టె ఒక క్వింటాలు తీసుకుంటే, అందులో ఇంచుమించు 40 నుంచి 50 కిలోలు నీళ్లే. బాగా ఎండిన కట్టెలో 15 నుంచి 20 కిలోల నీళ్లుంటాయి.

పచ్చికట్టెను పొయ్యిలో పెడితే ఏమవుతుంది? మంట మొదట గిన్నెను కాగపెట్టదు. కట్టెలోని నీళ్లను కాగపెడుతుంది. ఆ నీళ్లు ఆవిరై పోవాలి. 45 కిలోల నీళ్లను ఆవిరి చేయడానికే ఆరేడు కిలోల ఎండుకట్టె ఇచ్చే వేడి ఖర్చయిపోతుంది. పైగా మంట చల్లబడుతుంది. చల్లని మంటలో కట్టె సరిగ్గా కాలదు. కాలకుండా మిగిలినదే పొగ అవుతుంది, మసి అవుతుంది.

అంటే పచ్చికట్టెతో మూడు నష్టాలు. పైసలు పోతాయి. పొద్దు పోతుంది. పానం పాడవుతుంది.

ఎండిందా లేదా? ఐదు గుర్తులు

కట్టె కొనేటప్పుడు అమ్మే ఆయన "మంచిగ ఎండిందమ్మా" అనే చెప్తాడు. మాట నమ్మడం కంటే కట్టెను చూడడం మేలు.

1. కట్టె కొసలు చూడండి. ఎండిన కట్టె కొసలకు పగుళ్లు ఉంటాయి. పచ్చికట్టె కొస నున్నగా, తడిగా ఉంటుంది.

2. బెరడు చూడండి. ఎండిన కట్టెకు బెరడు వదులవుతుంది. గోటితో లాగితే ఊడి వస్తుంది. పచ్చికట్టె బెరడు గట్టిగా పట్టుకొని ఉంటుంది. లోపల ఆకుపచ్చగా కనపడుతుంది.

3. రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొట్టండి. ఎండినవైతే టంగుమని మోగుతాయి. పచ్చివైతే దబ్బుమని మొద్దుగా చప్పుడవుతుంది.

4. చేత్తో ఎత్తి చూడండి. ఒకే చెట్టువి, ఒకే లావువి రెండు కట్టెలు తీసుకోండి. బరువుగా ఉన్నదాంట్లో నీళ్లున్నట్టు.

5. ఒక కట్టెను చీల్పించి చూడండి. పైన ఎండినట్టు కనపడి లోపల పచ్చిగా ఉండే కట్టెలు చాలా ఉంటాయి. చీల్చిన చోట చెయ్యి పెడితే చల్లగా, తడిగా తగిలితే ఇంకా ఎండలేదు.

లెక్క చూద్దాం

పచ్చికట్టె చౌక, ఎండుకట్టె ప్రియం అని అందరూ అనుకుంటారు. నిజమేనా?

ఒక లెక్క చూడండి. ధరలు ఊరికి ఒక తీరుగా ఉంటాయి. ఇక్కడ లెక్క కోసం మాత్రమే రాసినవి. పచ్చికట్టె క్వింటాలు 400 రూపాయలు అనుకుందాం. ఎండుకట్టె క్వింటాలు 500 రూపాయలు అనుకుందాం.

పచ్చికట్టె క్వింటాలులో 45 కిలోలు నీళ్లు. 100లో 45 తీసేస్తే 55. అంటే కాలే కట్టె 55 కిలోలు. 400ను 55తో భాగిస్తే కిలోకు 7 రూపాయల 27 పైసలు పడుతుంది.

ఎండుకట్టె క్వింటాలులో 20 కిలోలు నీళ్లు. 100లో 20 తీసేస్తే 80. కాలే కట్టె 80 కిలోలు. 500ను 80తో భాగిస్తే కిలోకు 6 రూపాయల 25 పైసలు.

ఇప్పుడు ఏది చౌక? ఎండుకట్టెనే చౌక. పచ్చికట్టె కొన్నామె నీళ్లకు పైసలిచ్చింది. ఆ నీళ్లను తన పొయ్యి మీదనే ఆవిరి చేసుకుంటుంది.

అయితే ఒక మాట. ఎండాకాలం ముందే కొని, ఇంటి దగ్గర ఎండబెట్టుకునే జాగా ఉంటే పచ్చికట్టె కూడా కొనవచ్చు. కాని అప్పుడు నీళ్ల బరువు లెక్కగట్టి ధర తగ్గించి అడగాలి. తూకం లెక్కన కాకుండా మోపు లెక్కన, బండి లెక్కన బేరం చేస్తే నీళ్ల బరువు మీద పడదు.

కాంటా దగ్గర

కట్టెలు మూడు తీర్లుగా అమ్ముతారు. మోపు లెక్క, ట్రాక్టరు లెక్క, తూకం లెక్క.

మోపు కొనేటప్పుడు మోపును తిప్పి చూడాలి. పైన లావు కట్టెలు, నడుమ పుల్లలు పెట్టి కట్టడం ఉంటుంది.

ట్రాక్టరు లెక్కన కొనేటప్పుడు సందులు చూడాలి. వంకర కొమ్మలు వేస్తే నడుమ గాలే ఎక్కువ. ట్రాలీ నిండినట్టు కనపడుతుంది, కట్టె మాత్రం తక్కువ. వరసగా పేర్చిన ట్రాలీలో కట్టె ఎక్కువ పడుతుంది.

తూకం లెక్కన కట్టెల అడితిలో గాని, కోతమిషను దగ్గర గాని అమ్ముతారు. కాంటా ఖాళీగా ఉన్నప్పుడు సరిగ్గా నిలుస్తుందో లేదో ముందు చూడాలి. బరువు రాళ్ల మీద ముద్ర ఉండాలి. తూనికలు కొలతల శాఖవాళ్లు పరీక్ష చేసి వేసే ముద్ర అది. ఉత్తరాయికి ముద్ర ఉండదు.

ట్రాక్టరును ధర్మకాంటా మీద పెడితే ఒక చిట్టీ ఇస్తారు. చిట్టీలో మూడు అంకెలు ఉంటాయి. మొదటిది నిండు బండి బరువు. రెండోది ఖాళీ బండి బరువు. మూడోది కట్టె బరువు. నిండు బండి 3,250 కిలోలు, ఖాళీ బండి 1,450 కిలోలు అనుకుందాం. తీసివేస్తే 1,800 కిలోలు. అంటే 18 క్వింటాళ్లు. చిట్టీలో మూడో అంకె ఇంతే ఉండాలి. ఖాళీ బండిని కూడా కండ్ల ముందరే తూయించాలి. డ్రైవరు, కూలీలు రెండుసార్లూ బండి మీద ఉండాలి, లేదా రెండుసార్లూ దిగాలి. నిండు బండి మీద మాత్రమే మనుషులు కూచుంటే వాళ్ల బరువు కూడా కట్టె కింద లెక్క పడుతుంది.

చిట్టీ చదవడం వచ్చిన ఆమెను మోసం చేయడం కష్టం. తూకంలో మోసం జరిగితే 1915 నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు. అది కొనుగోలుదారుల ఫిర్యాదుల నంబరు.

పది మంది సంఘం ఆడవాళ్లు కలిసి ఒక ట్రాక్టరు కొంటే మరీ మంచిది. 18 క్వింటాళ్లను పది మంది పంచుకుంటే ఒక్కొక్కరికి 180 కిలోలు. బండి కిరాయి కూడా పదిపాళ్లవుతుంది.

ఏ చెట్టు కట్టె మంచిది?

తుమ్మకట్టె గట్టిది. నిదానంగా కాలుతుంది. మంచి నిప్పులు ఇస్తుంది. అన్నం, పప్పు ఉడకడానికి బాగుంటుంది. సర్కారు తుమ్మ కూడా వేడి బాగా ఇస్తుంది. దాని ముండ్లు చెడ్డవి. చెప్పులు లేకుండా దాని దగ్గరికి పోవద్దు. ముల్లు దిగి పుండైతే దవాఖానకు పోయి సూది వేయించుకోవాలి.

చింతకట్టె కూడా మంచి వేడి ఇస్తుంది. చీల్చడమే కష్టం. నీలగిరి కట్టెలో నూనె ఉంటుంది, తొందరగా అంటుకుంటుంది. మునగ, బూరుగు తేలికవి. గడ్డిలాగా కాలిపోతాయి. పత్తికట్టె, కందికట్టె, మక్క బెండ్లు పొయ్యి రాజేయడానికి పనికొస్తాయి. పత్తికి మందు కొట్టి ఉంటారు కాబట్టి ఆ కట్టె ముట్టినంక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

కొన్నింటిని పొయ్యిలో పెట్టనే వద్దు. గన్నేరు కట్టె పొగ విషం. నల్లజీడి కట్టె పొగ తగిలితే ఒంటి మీద పొక్కులు వస్తాయి. రంగు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్డు ముక్కలు, ప్లాస్టిక్కు కవర్లు కాలిస్తే వచ్చే పొగ కూడా విషమే.

పేర్చడం ఎట్లా?

కట్టెకు రెండు కావాలి. ఒకటి ఎండ, రెండు గాలి. వాన మాత్రం తగలొద్దు.

ఈ దిక్కు వాతావరణంలో మంచి అదను ఎండాకాలం. శివరాత్రి పోయినంక ఎండ ముదురుతుంది. అప్పటినుంచి మిరుగు దాకా మూడు నెలలకు పైగా ఎండ ఉంటుంది. మిరుగు జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది. ఆ లోపల కట్టె ఎండాలి, కప్పు కిందికి చేరాలి. వానలు పడ్డంక కట్టె కొంటే ధర ఎక్కువ, తడి ఎక్కువ.

ముందు కట్టెను పొయ్యికి సరిపోయే పొడుగు కొట్టించండి. మూరెడు ఉంటే చాలు. లావు మొద్దులను చీల్పించండి. బెరడు లోపలి నీళ్లను బయటికి రానియ్యదు. చీల్చిన ముఖం నుంచి, కొసల నుంచే నీళ్లు పోతాయి. మణికట్టు అంత లావు చీలిస్తే రెండు మూడు నెలల ఎండకు ఎండుతుంది. చీల్చని మొద్దు ఆరు నెలలైనా లోపల పచ్చిగా ఉంటుంది.

కట్టెను నేల మీద పేర్చవద్దు. నేల నుంచి చెమ్మ ఎక్కుతుంది, చెదలు ఎక్కుతాయి. ముందు రాళ్లు గాని ఇటుకలు గాని జానెడు ఎత్తు పెట్టండి. వాటి మీద రెండు పొడుగు దుంగలు అడ్డం వేయండి. ఆ దుంగల మీద కట్టెలు పేర్చండి. కింది నుంచి గాలి ఆడుతుంది.

కట్టెకు కట్టెకు మధ్య వేలు దూరేంత సందు ఉంచండి. రెండు కొసలకు కట్టెలను ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం పెడితే కుప్ప జారిపడదు. ఎత్తు నడుము దాటనీయకండి. పిల్లలు ఎక్కితే కూలి మీద పడుతుంది.

పైన రేకు గాని, పాలిథిన్ పట్టా గాని కప్పండి. పైన మాత్రమే కప్పాలి. పక్కలు కప్పవద్దు. చుట్టూ పట్టా చుట్టేస్తే కట్టెలోని చెమ్మ బయటికి పోదు. కట్టెకు బూజు పడుతుంది. ఆ బూజు పీలిస్తే దగ్గు, ఆయాసం వస్తాయి.

రెండు కుప్పలు పెట్టుకుంటే మంచిది. ఒకటి పోయినేడాదిది. ఇంకొకటి ఈ ఏడాదిది. ముందు పాత కుప్ప వాడాలి. కొత్తది ఎండుతూ ఉంటుంది.

కుప్పను గడ్డివాముకు, పొయ్యికి దూరంగా పెట్టండి. వానకాలంలో రెండు మూడు రోజులకు సరిపోయే కట్టె మాత్రం ఇంట్లో తెచ్చుకుంటే చాలు. పొయ్యి మీద, పొయ్యిని ఆనించి కట్టె ఎండబెట్టవద్దు. నిప్పురవ్వ పడితే ఇల్లు అంటుకుంటుంది.

కట్టెల కుప్పలో పురుగూ పుట్రా

కట్టెల కుప్పలో చీకటి, చల్లదనం ఉంటాయి. ఎలుకలు చేరతాయి. ఎలుకల కోసం పాములు వస్తాయి. తేళ్లు, జెర్రులు సరేసరి. అందుకే కుప్పను ఇంటి గోడకు ఆనించి పెట్టవద్దు. కుప్ప చుట్టూ గడ్డి పెరగనీయవద్దు.

కట్టె తీసేముందు కర్రతో కుప్ప మీద కొట్టండి. కాసేపు ఆగండి. చెప్పులు వేసుకోండి. చీకట్లో తీయవలసి వస్తే టార్చిలైటు పట్టుకోండి. కనపడని సందులో చెయ్యి పెట్టవద్దు.

పాము కరిస్తే గాయం కోయవద్దు. నోటితో పీల్చవద్దు. తాడుతో బిగించి కట్టవద్దు. గాజులు, మెట్టెలు, కడియాలు వెంటనే తీసేయాలి. వాపు వస్తే అవి బిగుసుకుంటాయి. కరిచిన కాలు, చెయ్యి కదలకుండా ఉంచాలి. మంత్రాల దగ్గర పొద్దు పోగొట్టకుండా 108కి ఫోను చేసి పెద్ద దవాఖానకు పోవాలి. పాము విషానికి విరుగుడు మందు దవాఖానలోనే ఉంటుంది.

పొగ సంగతి

పొగ అలవాటైపోయింది అంటారు. ఊపిరితిత్తులకు మాత్రం అలవాటు కాదు. ఏండ్ల తరబడి పొగ పీల్చిన ఆడవాళ్లకు ఆయాసం జబ్బు వస్తుంది. కండ్లకు శుక్లాలు వస్తాయి. పొయ్యి దగ్గర సంకలో ఉన్న పసిబిడ్డకు నిమోనియా వస్తుంది. 2020లో ప్రపంచంలో ఇంట్లో పొయ్యిల పొగ వల్ల 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా కట్టింది. అందులో 2 లక్షల 37 వేల మందికి పైగా ఐదేండ్లలోపు పిల్లలు.

ఈ సంగతి మీద మొదట పని చేసినవాళ్లలో హైదరాబాదువాళ్లు ఉన్నారు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో ఎస్.పి. రాజు అనే ఇంజనీరు పొగలేని పొయ్యిని తయారుచేశారు. దాని గురించి 1953లో పుస్తకం అచ్చువేశారు. అది మట్టితో కట్టుకునే పొయ్యి. ఒకటే మంట, దాని మీద ఒకటికి మించి గిన్నెలు. పొగ గొట్టంలో నుంచి బయటికి పోతుంది. తర్వాత 1980లలో ప్రభుత్వం ఇట్లాంటి పొయ్యిలను దేశమంతా కట్టించింది. చాలా ఇండ్లలో గొట్టం మసితో మూసుకుపోయి పొయ్యి మూలకు పడింది. గొట్టం శుభ్రం చేసుకుంటేనే పొగలేని పొయ్యి పొగ లేకుండా ఉంటుంది.

పొగ తగ్గించడానికి ఎవరైనా చేయగలిగినవి ఇవి. ఎండుకట్టె వాడాలి. సన్నగా చీల్చి పెట్టాలి. పొయ్యి గొంతు నిండా కట్టె కుక్కవద్దు. కట్టె కింద ఒక చిన్న రాయో ఇనుప ముక్కో పెట్టి లేపితే కింద నుంచి గాలి పోతుంది, మంట మంచిగా లేస్తుంది. గిన్నె మీద మూత పెట్టాలి. పప్పు ముందే నానబెట్టాలి. కిటికీ తెరవాలి. పసిబిడ్డను, కడుపుతో ఉన్నామెను పొగకు దూరంగా ఉంచాలి. గ్యాసు ఉన్న ఇంట్లో రోజూ వంట గ్యాసు మీద చేసి, కట్టెను బయట నీళ్లు కాగపెట్టడానికి ఉంచుకుంటే మేలు.

చలిమంట, కుంపటి

మెదక్ దిక్కు చలి ఎక్కువ. డిసెంబరు, జనవరి రాత్రులు వణికిస్తాయి. ముసలివాళ్లకు, బాలింతలకు కుంపటి పెడతారు. తలుపు, కిటికీ మూసి పడుకుంటారు. ఇది చాలా ప్రమాదం.

మూసిన గదిలో నిప్పులు కాలుతుంటే ఒక విషవాయువు పుడుతుంది. అది కంటికి కనపడదు, వాసన రాదు. పొగ లేకున్నా ఉంటుంది. బొగ్గులు ఎర్రగా ఉన్నాయి, పొగ లేదు కదా అని నమ్మవద్దు. మొదట తలనొప్పి వస్తుంది. కండ్లు తిరుగుతాయి. వాంతి వచ్చినట్టవుతుంది. మత్తుగా నిద్ర పడుతుంది. ఆ నిద్రలోనే ప్రాణం పోతుంది.

కుంపటితో గది వెచ్చ చేయవలసి వస్తే తలుపు తెరిచి ఉంచండి. పడుకునే ముందు కుంపటిని బయట పెట్టండి. నిప్పుల మీద నీళ్లు చల్లి పూర్తిగా ఆర్పండి. బాలింతకు, బిడ్డకు మందం దుప్పటి, టోపీ, తల్లి ఒంటి వెచ్చదనం కుంపటి కంటే మేలు. చలిమంట వాకిట్లో వేసుకోండి. కొంగు, చున్నీ దోపుకొని కూచోండి. కిరోసిన్, పెట్రోలు పోసి మంట లేపవద్దు.

ఎవరికైనా మత్తు వస్తే వెంటనే బయటి గాలికి తీసుకుపోయి 108కి ఫోను చేయాలి.

చెట్టు మిగలాలి

రేపు పొయ్యి వెలగాలంటే చెట్టు బతకాలి. చెట్లు కొట్టడానికి 2002లో వచ్చిన చట్టం ఉంది. దాన్ని వాల్టా అంటారు. నీరు, భూమి, చెట్లను కాపాడే చట్టం అది. చెట్టు కొట్టించే ముందు అనుమతి ఏమి కావాలో పంచాయతీలో అడగండి. అడవిలో పచ్చిచెట్టు కొట్టడం నేరం. అడవి నుంచి కట్టె తెచ్చుకోవాలనుకుంటే ముందు అటవీశాఖవాళ్లను అడగాలి.

చేను గట్టు మీద తుమ్మ, కానుగ, సుబాబుల్ మొక్కలు పెట్టుకోవచ్చు. సుబాబుల్ తొందరగా పెరుగుతుంది. కొట్టినా మళ్లీ చిగురిస్తుంది. ఆకు మేకలకు మేత, కొమ్మ పొయ్యికి కట్టె. మొదలు మొత్తం నరకకుండా కొమ్మలు కొట్టుకుంటే చెట్టు ఏటా కట్టె ఇస్తూనే ఉంటుంది.

కలిసి మాట్లాడండి

1. మీ ఇంట్లో నెలకు కట్టె ఎంత ఖర్చవుతుంది? కిలోలలో రాయండి.

2. మీ కట్టెల కుప్ప నేల మీద ఉందా, రాళ్ల మీద ఉందా?

3. నిండు బండి 2,900 కిలోలు. ఖాళీ బండి 1,400 కిలోలు. కట్టె ఎన్ని క్వింటాళ్లు? పది మంది పంచుకుంటే ఒక్కొక్కరికి ఎన్ని కిలోలు?

4. మీ ఊరిలో కుంపటి పెట్టుకొని తలుపులు మూసి పడుకునేవాళ్లు ఉన్నారా? వాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్తారు?

5. ఈ ఏడాది మిరుగు లోపల మీ సంఘం కలిసి కట్టె కొనగలదా? ఎవరు బేరం చేస్తారు? ఎవరు చిట్టీ చదువుతారు?